కనకం తలుపు తీసిన వారం

మొన్న బాపట్లలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాలయ్యాక చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర రేపల్లె నాయనమ్మ మనవరాలు నన్ను పట్టుకుంది. రేపల్లె నాయనమ్మంటే మా నాయనమ్మకి సొంత చెల్లెలు. అక్కచెల్లెళ్ళిద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. ఆ పిల్ల, పిల్ల అంటున్నాను గానీ దాని జుట్టూ నెరిసింది, సంచీలోంచి గళ్ళ తువ్వాలులో చుట్టిన పొట్లం తీసి నా చేతిలో పెట్టింది.

"పాత బీరువా సర్దుతుంటే దొరికిందక్కా. పైన చీటీలో నీ పేరుంది. అందుకే విప్పకుండా తెచ్చా," అంది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని విప్పాను. అట్టకి ముతక కాలికో బట్ట అతికించిన బైండు పుస్తకం. తెరవగానే మైదా జిగురు, కర్పూరం ఉండల వాసన కలిసి ముక్కుకి తగిలాయి. మొదటి పేజీలో బొమ్మ చూడగానే పోల్చుకున్నాను. మేమంతా వారం వారం ప్రాణాలు ఉగ్గబట్టుకుని విన్న ఆ సీరియల్. నా వేళ్ళు వాటంతటవే ఒక వారం కోసం వెతికాయి. ఆ వారం అందులో ఉంటుందని నాకు తెలుసు. నలభై ఏళ్ళుగా ఆ నాలుగు పేజీలకి భయపడుతున్నదాన్ని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. దొరికింది. చూశాను. నిడుబ్రోలు ఎప్పుడు దాటిందో తెలియలేదు. ఎదుటి సీట్లో ఆవిడ "ఒంట్లో బాగాలేదా అమ్మా, మంచినీళ్ళు కావాలా?" అని అడిగింది.

ఏం చూశానో చివర్లో చెబుతాను. ముందే చెబితే మీకు అర్థం కాదు, నాకూ తృప్తి ఉండదు.

అప్పుడు మేం తెనాలిలో కాలవ పక్క సందులో ఉండేవాళ్ళం. మా సందులో వాళ్ళ పేర్లు రాయను. వాళ్ళ పిల్లలూ మనవలూ ఉన్నారు, నాతో తగాదాకి వస్తారు. సీరియల్లో వాళ్ళ పేర్లు మాత్రం ఎన్నయినా రాస్తాను. నిజం చెప్పాలంటే మా సందులో వాళ్ళకంటే వాళ్ళే నాకు బాగా గుర్తు.

ఆ సీరియల్ అంతా ఒక సందు కథ. ఎనిమిది ఇళ్ళు, ఒకటే కుళాయి. ఆ సందులో రిటైరైన పోస్టుమాస్టరు పరంధామయ్యకి ఎవరి ఉత్తరం కనబడినా ముందు తను చదవందే నిద్ర పట్టదు. టైలరు భద్రం ఎవరి కొలతలతో రవిక కుట్టినా అది పక్కింటావిడకి అతికినట్టు సరిపోతుంది. రాజేశ్వరమ్మ, కనకం అక్కచెల్లెళ్ళు. ఎదురెదురిళ్ళు. అమ్మ వాడిన దోసెల పెనం అక్క తీసుకుందని చెల్లెలు తొమ్మిదేళ్ళుగా మాట్లాడదు. ఒకే కుళాయి దగ్గర ఒకరికొకరు వీపు పెట్టి బిందెలు నింపుకుంటారు. చంపడాలూ చావడాలూ ఏమీ లేవు. వారానికి నాలుగు పేజీలు కడుపారా నవ్వుకోవడమే.

పత్రిక తెప్పించేది మా ఎదురింటి టీచరమ్మగారు. మిషన్ బడిలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రెండు కళ్ళలోనూ శుక్లాలు. అక్షరాలు చీమల బారులా కదులుతున్నాయనేది. మా నాయనమ్మకి చదువే లేదు. అందుకని, శనివారం బడి ఒక పూటే కాబట్టి, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక టీచరమ్మగారి వరండాలో నేను పైకి చదవాలి. నాకు ఒత్తులు బాగా పలుకుతాయని టీచరమ్మగారే నన్ను ఎంపిక చేసింది. ఆరో తరగతి చదివే పిల్లకి అంతకు మించిన పదవి లేదు. నాయనమ్మ ఒళ్ళో చేట పెట్టుకుని చింతపండు గింజలు తీస్తుండేది. టీచరమ్మగారు చేత్తో తడుముకుంటూ కనకాంబరాలు కట్టేది. ఆవిడ కోడలు, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, సొంతూరు బాపట్ల, మా అందరికీ బాపట్ల వదిన, పళ్ళెంలో గులాబీ పువ్వులు పెట్టి గుమ్మం లోపల నిలబడి వినేది. ఆ గులాబీ పువ్వులు వేగిన నూనె వాసన ఇప్పటికీ ఎక్కడన్నా తగిలితే నా నోట్లో "గత వారం తరువాయి" అన్న మాట కదులుతుంది.

వినేవాళ్ళ భక్తి చూస్తే మీరు నవ్వుతారు. ఒక వారం భద్రానికి జ్వరం వచ్చింది. ఆ సాయంత్రం ప్రార్థనలో టీచరమ్మగారు ఇంట్లో వాళ్ళందరి పేర్లూ చెప్పి, "ప్రభువా, ఆ భద్రాన్ని కూడా చల్లగా చూడు, కుట్టాల్సిన రవికలు చాలా ఉన్నాయి," అంది. నేను చెవులారా విన్నాను. ఇటు మా నాయనమ్మ ఆంజనేయస్వామికి అప్పాలు మొక్కుకుంది. తరువాతి వారం భద్రం లేచి పథ్యం తిన్నాడు. ఎవరి దేవుడు తగ్గించాడన్న సంగతి మీద ఇద్దరూ రెండు రోజులు వాదించుకుని, చివరికి అప్పాలు పంచుకుని తిన్నారు.

చదవడం అయ్యాక ఆ నాలుగు పేజీలూ కత్తిరించి, ట్రంకుపెట్టెలో దాచి, పాతిక వారాలు పోగయ్యాక బైండు చేయించడం టీచరమ్మగారి అలవాటు. కొలకలూరు నుంచి సైకిలు మీద ఒక బైండింగు ఆయన వచ్చి పట్టుకెళ్ళేవాడు. నెలకో రెండు నెలలకో పుస్తకం చేసి తెచ్చేవాడు. అప్పట్లో సీరియల్ పేజీలు చింపి దాచని ఇల్లు లేదు. మా కొంప ముంచింది ఆ అలవాటే.

దానికి ముందు మా నాయనమ్మ సంగతి చెప్పాలి. నాయనమ్మకి పదేళ్ళకే పెళ్ళి చేశారు. చెల్లెల్ని ఐదో తరగతి దాకా చదివించారు. అయినా ఇద్దరూ ఒకరంటే ఒకరికి ప్రాణం. చెల్లెల్ని రేపల్లె ఇచ్చారు. తాతయ్య పోయిన ఏడాది తరువాత చెల్లెలు తన కూతురి పెళ్ళి పెట్టుకుంది. ఊళ్ళో అందరి ఇళ్ళకీ భార్యాభర్తలు వెళ్ళి బొట్టు పెట్టి పిలిచారు. నాయనమ్మకి పోస్టులో శుభలేఖ వచ్చింది. నాయనమ్మ పెళ్ళికి పోలేదు. ఆ తరువాత మాట్లాడలేదు. ఆరేళ్ళు.

"బొట్టు పెట్టకపోతే పాయె, నాకెందుకు బొట్టు. మనిషి రావద్దా?" అనేది. ఆ ముక్క అనేటప్పుడు మాత్రం చింతపండు వంక చూస్తూ అనేది, మా వంక చూసేది కాదు. మిగతా రోజుల్లో చెల్లెలి పేరెత్తితే లేచి పెరట్లోకి పోయేది. మా నాన్న రెండుసార్లు రాజీ చేయబోయి చీవాట్లు తిన్నాడు.

ఇక అసలు వారం. దానికి ముందు వారం కథలో కనకం కుళాయి గట్టు దగ్గర జారిపడింది. సంగతి తెలిసి రాజేశ్వరమ్మ తట్టుకోలేక, దోసెల పెనం చెంగు కింద పెట్టుకుని, సందు దాటి కనకం గుమ్మం ముందు నిలబడి, గొళ్ళెం మీద చెయ్యి వేసింది. అక్కడ ఆపేశాడు, చేతులు పడిపోను, అని నాయనమ్మ రచయితని తిట్టింది. ఆ వారమంతా ఆవిడ సరిగా అన్నం తినలేదు. నీళ్ళు పోస్తూ, జడ వేస్తూ నన్ను అదే అడగడం.

"తీసిద్దంటావా?"

"నాకేం తెలుసు నాయనమ్మా?"

"తీయకపోతే ఎట్లా? కాలు విరిగి పడుకున్నా అక్క వచ్చిందంటే పాక్కుంటూ అయినా వచ్చి తీసిద్ది."

శనివారం వచ్చింది. నేను అన్నం బొక్కేసి ఎదురింటికి పరిగెత్తాను. వరండాలో టీచరమ్మగారు, నాయనమ్మ అప్పటికే కూర్చున్నారు. బాపట్ల వదిన నన్ను చెయ్యి పట్టి వంటింట్లోకి లాగింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పాపా, చచ్చే పొరపాటు చేశా. పొద్దున బైండింగాయన వచ్చాడు. అత్తయ్య చర్చిలో ప్రార్థన కూటానికెళ్ళారు. పేజీలన్నీ కత్తిరించి ఇవ్వమన్నారు గదా అని ఈ వారంవి కూడా కత్తిరించి ఇచ్చేశా. చదవలేదన్న సంగతే తోచలా," అంది గొంతు లోపలే. "ఆయన ఎప్పుడో వెళ్ళిపోయాడు. బస్టాండు కొట్లో కూడా అడిగించా, అయిపోయినయ్యంట. అత్తయ్యకి తెలిస్తే మా అమ్మావాళ్ళని తిడతారు. నన్నంటే పడతా గానీ మా అమ్మని అంటే పడలేను."

ఆమె కళ్ళలో నీళ్ళు చూడలేకపోయాను. బయట నుంచి నాయనమ్మ "ఏంటే ఇంకా, రావే," అని పిలిచింది. పత్రిక తీసుకుని వరండాలోకి వచ్చాను. సీరియల్ ఉండాల్సిన చోట కత్తెర పళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి. పేజీ తిప్పితే వంటల శీర్షిక. వంకాయ మెంతికారం చేసే విధానం.

నేను ఆ వంకాయ మెంతికారం మీద చూపు పెట్టి, "గత వారం తరువాయి," అన్నాను.

ఆ తరువాత నా నోట్లోంచి వచ్చింది నాదేనా అని నాకే ఆశ్చర్యం. ఆలోచించుకోడానికి వ్యవధి కావాలని ముందు ఒక కుక్కని పెట్టాను. "టామీ మొరిగింది," అన్నాను. ఆ సీరియల్లో అంతకు ముందు కుక్క లేదు. టీచరమ్మగారు "కుక్కెప్పుడు తెచ్చుకుంది?" అంది. వినపడనట్టు ముందుకి పోయాను. రాజేశ్వరమ్మ గొళ్ళెం కొట్టింది. లోపల నుంచి కుంటుకుంటూ అడుగుల చప్పుడు. కనకం తలుపు తీసింది. ఇద్దరూ చూసుకున్నారు. రాజేశ్వరమ్మ చెంగు కింద నుంచి పెనం తీసింది. అప్పుడు కనకం అంది: "తొమ్మిదేళ్ళ నుంచి పిండి రుబ్బుతూనే ఉన్నానక్కా, పెనమే లేదు. పొయ్యి వెలిగే ఉంది, రా, చేతులు కడుక్కో."

అక్కడ ఆపేశాను. ఇంకేం తోచలేదు. తలెత్తి చూస్తే టీచరమ్మగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటోంది. గుమ్మం లోపల బాపట్ల వదిన రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని నన్నే చూస్తోంది. నాయనమ్మ చేతిలో చింతపండు అలాగే ఉంది. ఆవిడ లేచి ఇంటికి పోయింది.

గండం గడిచిందనుకున్నాను. ఆదివారం మా ఇంట్లో మినప్పప్పు వేగిన వాసన. నాయనమ్మ తిరగలి దగ్గర కూర్చుని విసిరి, బెల్లం నెయ్యి కలిపి సున్నుండలు చుట్టింది. నా మీద ప్రేమ పొంగిందనుకుని రెండు నోట్లో వేసుకున్నాను. మూడోదానికి చెయ్యి మీద ఒకటి తగిలింది.

"అవి నీకు కాదు. రేపు బడి మానెయ్. నువ్వూ నేనూ రేపల్లె పోతన్నాం."

నోట్లో ఉన్న సున్నుండ గొంతుకి అడ్డం పడింది. అమ్మ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. నాన్న పేపరు దించాడు. ఆరేళ్ళుగా వాళ్ళెవ్వరూ చేయలేని పనిని నా అబద్ధం ఒక్క పూటలో చేసింది. సంతోషించాలో ఏడవాలో తెలియని స్థితి.

సోమవారం పొద్దున తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కాం. నాయనమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుంది. ఒళ్ళో సున్నుండల డబ్బా. రైలు కదిలాక, ఎన్నడూ లేనిది, తనంతట తనే మాట్లాడింది.

"మీ చిన్న నాయనమ్మ కూడా ఇదే పుస్తకం తెప్పించుకుంటదంట. మీ నాన్న ఎప్పుడో చెప్పాడులే, మనం వింటన్నామని దానికీ చెప్పాడంట. నువ్వు చదివినప్పుడల్లా అనుకుంటా, ఇప్పుడు అదీ చదువుకుంటా ఉంటదని. మాటల్లేకపోయినా వారం వారం ఇద్దరం ఒకటే నవ్వు నవ్వుకుంటన్నాంగా. మొన్నటిది కూడా చదివే ఉంటది. నేను పోయేసరికి తలుపు తీసే ఉంచిద్ది, చూడు."

ఆ మాటే నాకు తట్టలేదు. పత్రిక మా సందుకి ఒక్కటే వస్తుంది కాబట్టి లోకమంతటికీ ఒక్కటే వస్తుందనుకున్నాను. రేపల్లెలో అచ్చయిన పేజీలు ఉన్నాయి. వాటిలో ఏముందో నాకు తెలియదు.

వేమూరులో ఒకావిడ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, రెండో చేతిలో ఆ వారం పత్రిక. భట్టిప్రోలు బడిలో టీచరట. నాయనమ్మకి అక్షరాలు రాకపోయినా అట్ట మీద బొమ్మ గుర్తే.

"అమ్మాయ్, ఆ పుస్తకం ఒకసారి ఇస్తావా? మా పిల్ల చదివిద్ది. రేపల్లె వచ్చేలోపు ఆ దోసెల పెనం ముక్క ఇంకోసారి వినాలనుంది."

ఆవిడ నవ్వి ఇచ్చింది. నేను పేజీలు తిప్పాను. నాలుగు పేజీలూ నిక్షేపంలా ఉన్నాయి. గబగబా కళ్ళతో చదివేశాను. రాజేశ్వరమ్మ గొళ్ళెం కొట్టింది. కనకం లోపల నుంచి అంది, "పెనం గుమ్మం దగ్గర పెట్టి పో. నాకు మనిషితో పనిలేదు." రాజేశ్వరమ్మ పెనం అక్కడే పెట్టి, మూసిన తలుపు వంక చూసి, వెనక్కి తిరిగింది.

అంత నవ్వించే సీరియల్లో ఆ వారం ఒక్క నవ్వు లేదు. చెప్పెయ్యాలనుకున్నాను. చెబితే నాయనమ్మ తరువాతి స్టేషనులో దిగి వెనక్కి రైలెక్కుతుంది. ఇక చచ్చినా రేపల్లె వైపు చూడదు. చెప్పకపోతే అక్కడ మూసిన తలుపు ముందు నిలబడుతుంది. కుడితిలో పడ్డ ఎలుక ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది.

"చదవ్వే," అంది నాయనమ్మ.

అచ్చయిన అక్షరాలు చూస్తూ, వాటిలో లేని కథ మళ్ళీ చెప్పాను. టామీ మొరిగింది. కుంటుకుంటూ అడుగులు. తలుపు. పెనం. నాయనమ్మ నాతో పాటే పెదవులు కదిపింది. ఒక్కసారి విన్నదానికే అక్షరం పొల్లుపోకుండా వచ్చేసింది ఆవిడకి. ఎదుటి టీచరు ఆ వారం చదివిందని ఆవిడ మొహమే చెబుతోంది. నన్నూ, నాయనమ్మనీ, డబ్బానీ మార్చి మార్చి చూసింది. నేను అయిపోయిందనగానే పత్రిక తీసుకుని సంచీలో అడుగున పెట్టేసింది. భట్టిప్రోలులో దిగేటప్పుడు నా తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

రేపల్లె స్టేషను నుంచి నడిచే పోయాం. చెల్లెలి ఇల్లు కనబడగానే నాయనమ్మ నడక తగ్గింది. తలుపు తీసే ఉంది. రేపల్లె నాయనమ్మ వసారాలో పీట మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు. లేవలేకపోయిందనుకుంటా. చేట పక్కకి ఒరిగి బియ్యం నేల మీద పడుతున్నా చూసుకోలేదు. నాయనమ్మ గుమ్మం ఇవతలే నిలబడింది. నేను సున్నుండల డబ్బా మోస్తున్నాను, చేతులు లాగేస్తున్నాయి.

చివరికి చెల్లెలే మాట్లాడింది.

"ఈ వారం విన్నావా అక్కా?"

"విన్నా."

"కనకం తలుపు తియ్యలా."

నాయనమ్మ తల తిప్పి నా వంక చూసింది. అంతే, ఒక్క క్షణం. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. కోపం కాదు. దెబ్బ తిన్న మనిషి చూపు. నేల చీలి నన్ను మింగేస్తే బాగుండనుకున్నాను. ఆవిడ వెనక్కి తిరుగుతుందనుకున్నాను. నా అబద్ధం మీద పోగేసుకున్న ధైర్యమంతా ఆ ఒక్క మాటతో పోయినట్టేననుకున్నాను.

నాయనమ్మ మళ్ళీ చెల్లెలి వైపు తిరిగింది.

"తియ్యలేదనీ విన్నా. విన్నా గూడా వచ్చా. అది కనకం. నువ్వు కనకానివా?"

రేపల్లె నాయనమ్మ చేట వదిలేసి లేచి వచ్చింది. గుమ్మంలోనే అక్కని పట్టుకుని ఏడ్చింది. "ఆ పేజీ చదివి దాన్ని నోటికొచ్చినట్టు తిట్టా అక్కా. తిట్టి తిట్టి, మళ్ళీ నేను చేసిందేంటని కూలబడ్డా. పెళ్ళి పిలుపుకి బయల్దేరి మీ సందు మొదటి దాకా వచ్చా. చేతిలో కుంకం భరిణె ఉంది. దాంతో నీ ముందు ఎట్లా నిలబడాలో తోచక, కాలవ వంతెన మీద నుంచే తిరిగొచ్చి కార్డు పోస్టు చేశా."

ఆరేళ్ళు నాయనమ్మకి తెలియని సంగతి అది. చెల్లెలు వచ్చింది. సందు మొదటి దాకా వచ్చింది.

"భరిణె వంతెన మీద పెట్టి రావాల్సింది," అంది నాయనమ్మ. "దాన్నెవరు అడిగారు?"

లోపలికి పోయాక కాళ్ళు కడుక్కుని పీట వాల్చుకుని కూర్చుంది. చెల్లెలు అన్నం వండబోతే వద్దంది. "పిండుందా?" అని అడిగింది.

"ఏం పిండి?"

"దోసెల పిండి. ఉంటే పెనం పెట్టు."

చెల్లెలికి ఏమీ అర్థం కాలేదు. మధ్యాహ్నం పూట దోసెలేంటని గొణుక్కుంటూనే పొయ్యి వెలిగించింది. నాకు మాత్రం అర్థమై కళ్ళు ఎత్తలేకపోయాను. ఎండు రొయ్యలు వేసిన గోంగూర కూరతో నంజుకుని తిన్నాం. అక్కచెల్లెళ్ళు వాళ్ళ అమ్మ గురించీ, చిన్నప్పటి గొడ్ల గురించీ మాట్లాడుకున్నారు. నేను మూల కూర్చుని ఎప్పుడు తిడతారా అని ఎదురు చూశాను. ఎవరూ తిట్టలేదు.

తిరుగు రైల్లో వేమూరు దాటాక అడిగింది.

"ఆ పేజీలు ఏమయినయ్యే?"

అంతా చెప్పేశాను. బాపట్ల వదిన సంగతి విని, "ఆ పిల్ల పేరు బయటికి రానివ్వకు," అంది. ఇంకో స్టేషను పోయాక, "పిండి రుబ్బుతూనే ఉన్నానన్న ముక్క బాగా పెట్టావు," అంది. ఆ తరువాత ఆ వారం గురించి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. కాకపోతే అప్పటి నుంచి ప్రతి శనివారం నేను చదవబోయే ముందు పత్రిక తీసుకుని, నడిమి పేజీలు వేళ్ళతో తడిమి చూసి, ఉన్నాయని రూఢి చేసుకుని ఇచ్చేది. అంతకంటే సిగ్గు నా జన్మలో పడలేదు.

మరుసటి శనివారం ఇంకో తంటా. అచ్చులో రాజేశ్వరమ్మ ఇంట్లో కూర్చుని ఏడుస్తోంది. టీచరమ్మగారు అదిరిపడింది. "పోయిన వారం దోసెలు తిన్న మనిషి ఈ వారం ఎందుకు ఏడుస్తుందండీ? ఈ రచయితకి మతి స్థిమితం తప్పింది," అని, సంపాదకుడికి కార్డు రాయమని నాకే చెప్పింది. ఆవిడ చెబుతుంటే నేను రాశాను. తమ రచయిత రాసింది తమ రచయితే మర్చిపోవుట విచారకరం, పైగా కుక్క ఏమైనదో తెలుపగలరు. నా అక్షరాలు గోడ ఎక్కాయి.

"ఇటివ్వండి టీచరమ్మగారండి, మావాడు బజారుకెళ్తన్నాడు, పోస్టు చేయిస్తా," అని నాయనమ్మ ఆ కార్డు పుచ్చుకుంది. అది మా బియ్యం డబ్బా దాటి బయటికి పోలేదు. ఏడాది తరువాత టీచరమ్మగారికి కంటి ఆపరేషనయింది. కొత్త కళ్ళద్దాలతో బైండు పుస్తకం మొదటి నుంచీ చదువుకుంది. ఒక సాయంత్రం నన్ను పిలిచి, అద్దాల పై నుంచి చాలాసేపు చూసి, "ఆ కుక్క నీదా?" అని అడిగింది. తల ఊపాను. గులాబీ పువ్వు ఒకటి చేతిలో పెట్టి పొమ్మంది. బాపట్ల వదినని ఏమీ అడగలేదు.

అక్కచెల్లెళ్ళు మళ్ళీ విడిపోలేదు. ఈ నెల ఆవిడ వస్తే వచ్చే నెల ఈవిడ వెళ్ళేది. రేపల్లె నాయనమ్మకి నా అబద్ధం సంగతి తెలియదనే నేను ఇన్నాళ్ళూ నమ్మాను. నాయనమ్మ నా పరువు కాపాడిందనీ, ఆ మాట ఆవిడతోనే పోయిందనీ అనుకున్నాను.

మొన్న రైల్లో ఆ వారం తీస్తే అచ్చు పేజీలు లేవు.

వాటి స్థానంలో నోటుబుక్కు కాగితాలు నాలుగు, మిగతా పేజీలతో కలిపి కుట్టి ఉన్నాయి. రేపల్లె నాయనమ్మ ఐదో తరగతి చేతిరాత. పైన "గత వారం తరువాయి" అని రాసి ఉంది. దాని కింద మొదటి మాట, "టామీ మొరిగింది."

చదువుతూ పోయాను. కుంటుకుంటూ అడుగుల చప్పుడు. తలుపు. చెంగు కింద పెనం. తొమ్మిదేళ్ళ పిండి. ఆరో తరగతి పిల్ల వంకాయ మెంతికారం చూస్తూ కల్పించిన మాటలు, ఒక్కటి తప్పిపోకుండా అన్నీ ఉన్నాయి. ఓనమాలు రాని మా నాయనమ్మ ఎప్పుడో ఒక మధ్యాహ్నం చెల్లెలి పక్కన కూర్చుని, మొదటి నుంచీ చివరి దాకా అప్పజెప్పి రాయించింది. చెల్లెలు రాసి, అచ్చు పేజీలు పారేసి, వీటిని బైండు చేయించింది. ఇద్దరూ నాకు ఒక్క మాట చెప్పలేదు.

నేను ఆపిన చోట వాళ్ళు ఆపలేదు. "రా, చేతులు కడుక్కో" తరువాత ఇంకా రెండు వరుసలున్నాయి, పెన్సిలుతో.

"అక్క మూడు దోసెలు తిన్నది. నేను రెండు తిన్నాను. పాప ఒక్కటే తిన్నది, భయపడి. దానికి ఇంకొకటి వెయ్యాల్సింది."